దుకాణపు ఏడాది లెక్క: లక్ష్యం ఎక్కడ మొదలు కావాలి?



షాబాన్ నెల ప్రవేశించగానే మా మదరసా గుమ్మం వద్ద పాత ముఖాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఒకనాడు మా ఎదుట చాపపై కూర్చుని ఖాయిదా పట్టి అలిఫ్, బే నేర్చుకున్న పిల్లలే వారు. నేడు ఒకరిది పిల్లల బట్టల దుకాణం, ఒకరిది చెప్పుల కొట్టు, ఇంకొకరు సేమియా, ఖర్జూరం, అత్తరు అమ్ముకునే బండివారు. రమజాను గిరాకీకి సరుకు తెచ్చుకునే ముందు ఉస్తాదు చేత దుఆ చేయించుకోవాలన్నది వారి కోరిక. "హజ్రత్, ఈ ఏడు నలభై లక్షలు అమ్మాలనుకున్నాను, దుఆ చేయండి" అని ఒకరు, "పక్క కొట్టు కూడా అద్దెకు తీసుకుందామని ఉంది" అని మరొకరు అంటారు.

మేము తప్పక దుఆ చేస్తాము. విద్యార్థి అభివృద్ధిని కోరని ఉపాధ్యాయుడు ఉండడు. అయితే కొన్నేళ్లుగా దుఆకు చేతులెత్తే ముందు ఒక ప్రశ్న అడగడం మాకు అలవాటైంది. "నాయనా, ఎంత అమ్మాలో చెప్పావు, సంతోషం. నిరుడు ఇదే నెలలో నీదంటూ ఉన్నది ఎంత? ఈనాడు నీదంటూ ఉన్నది ఎంత?" అని అడుగుతాము. చాలామంది తల వంచుకుంటారు. అమ్మకం అందరికీ గుర్తుంటుంది, ఉన్నదెంతో చెప్పగలవారు అరుదు.

ఈ ప్రశ్న మాకు ఏ గ్రంథం నుండో తట్టలేదు. మా శిష్యుడొకరి దుకాణంలో కూర్చుని నేర్చుకున్నది. ఊరూ పేరూ చెప్పకుండా ఆ వృత్తాంతాన్ని పాఠకుల ముందుంచుతున్నాము. వ్రాయడానికి అతని అనుమతి ఉన్నది.

నాలుగు రాత్రుల లెక్క

రాయలసీమలోని ఒక చిన్న పట్టణంలో అతనికి రెడీమేడ్ బట్టల దుకాణం ఉంది. తండ్రి నడిపిన కొట్టే, తొమ్మిదేళ్ల క్రితం ఆయన మరణించిన తరువాత ఇతని చేతికి వచ్చింది. హైదరాబాదు మదీనా ప్రాంతపు టోకు దుకాణాల నుండి అరువుకు సరుకు తెచ్చి, చిల్లరగా అమ్ముతాడు. ఆ ఏడు షాబాన్‌లో మా వద్దకు ఎంతో ఉత్సాహంగా వచ్చాడు. "హజ్రత్, ముప్పై లక్షల అమ్మకం లక్ష్యంగా పెట్టుకున్నాను. అల్‌హమ్దులిల్లాహ్, 31 లక్షలు దాటింది. వచ్చే ఏడు నలభై" అన్నాడు.

మేము సంతోషించి, ఊరకే అడిగినట్లుగా, "జకాత్ ఎంత తీశావు?" అన్నాము. "ప్రతి రమజానులో ఐదు వేలు తీస్తాను" అన్నాడు. "అది ఏ లెక్క?" అంటే, "అంచనాగా" అన్నాడు.

జకాత్ అంచనాతో తీర్చేది కాదని చెప్పి, ఇషా నమాజు తరువాత అతని దుకాణంలో కూర్చున్నాము. నాలుగు రాత్రులు పట్టింది. అతని ఇల్లాలు ఇంటర్మీడియెట్ చదివిన అమ్మాయి. పుస్తకం పట్టి వ్రాసింది ఆమెయే. అతను అర అరా దింపి లెక్క చెప్పాడు. చివరకు తేలినది ఇది.

దుకాణంలోని సరుకు, ఆనాటి ధర ప్రకారం 7,20,000 రూపాయలు. గల్లా పెట్టెలో, బ్యాంకులో కలిపి 65,000. ఊరివారి వద్ద బాకీలు 2,35,000 ఉన్నట్లు పుస్తకం చెబుతున్నా, వసూలవుతుందన్న నమ్మకం ఉన్నది 1,50,000 మాత్రమే. మిగిలిన 85,000లో కొందరు ఊరు విడిచి వెళ్లినవారు, కొందరు నిజంగా లేనివారు. నమ్మదగిన మొత్తమంతా కలిపితే 9,35,000 రూపాయలు.

ఇక చెల్లించవలసినవి. టోకు వ్యాపారులకు 5,10,000. బావమరిది వద్ద తీసుకున్న చేబదులు 1,00,000. రెండూ తీసివేస్తే 3,25,000 మిగిలింది.

అతని ముఖం కాస్త వాడింది. "ఇంతేనా హజ్రత్? 31 లక్షలు అమ్మితే ఇంతేనా?" అన్నాడు. మేము, "ఇంకా ఏమైనా బాకీ మిగిలిందా, గుర్తు చేసుకో" అన్నాము. ఏమీ లేదన్నాడు. పుస్తకం పట్టుకుని కూర్చున్న ఆ అమ్మాయి మాత్రం తల ఎత్తకుండానే, "మరి వదినగారి భాగం?" అన్నది.

దుకాణంలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు.

తొమ్మిదేళ్ల క్రితం తండ్రి మరణించిన నాడు, అప్పులు పోను దుకాణంలో మిగిలినది 4,80,000 రూపాయలని పాత పుస్తకంలోనే ఉంది. వారసులు ముగ్గురు: తల్లి, ఇతను, ఇతని అక్క. దివ్య ఖుర్ఆన్ అన్నిసా అధ్యాయంలో నిర్ణయించిన ప్రకారం, సంతానమున్న భర్త ఆస్తిలో భార్యకు ఎనిమిదవ వంతు. మిగిలినదానిలో కుమారునికి రెండు పాళ్లు, కుమార్తెకు ఒక పాలు. మొత్తాన్ని 24 భాగాలు చేస్తే తల్లికి 3, కుమారునికి 14, కుమార్తెకు 7 వస్తాయి. రూపాయలలో చూస్తే తల్లికి 60,000, కుమారునికి 2,80,000, కుమార్తెకు 1,40,000.

తల్లి తన భాగాన్ని కొడుకు వద్దే ఉండనిచ్చింది. ఆమె ఇష్టపడి ఉంచినదే అయినా అది ఆమె సొమ్మే. అక్కకు మాత్రం ఎవరూ ఇవ్వలేదు, ఆమె అడగనూ లేదు. పొరుగూరిలో అద్దె ఇంట్లో ఉంటూ మిషను కుట్టుకుని పిల్లలను చదివిస్తున్నది. తొమ్మిదేళ్లుగా ఆమె సొమ్ము తమ్ముని దుకాణంలో చొక్కాలుగా, ఫ్రాకులుగా మారుతూ అమ్ముడవుతూ ఉన్నది.

3,25,000లో నుండి తల్లివీ, అక్కవీ 2,00,000 తీసివేస్తే అతనిదంటూ మిగిలినది 1,25,000. ఆనాటి వెండి ధరతో పోలిస్తే అది నిసాబుకు మించినదే. నలభైయవ వంతు చొప్పున జకాత్ 3,125 రూపాయలు. ఇతను ఐదు వేలు ఇస్తున్నాడు. పాఠకులు గమనించాలి. జకాత్ విషయంలో అవసరమైనదానికన్నా ఎక్కువ ఇస్తున్న మనిషి, తోడబుట్టిన ఆడబిడ్డ హక్కు విషయంలో ఒక్క రూపాయి ఇవ్వలేదు. అతను దుర్మార్గుడు కాడు. నమాజు తప్పనివాడు. అంచనాతో బ్రతుకుతున్నాడు, అంతే.

ఆ రాత్రి అతను మమ్మల్ని ఇంటి వరకు దిగబెట్టడానికి వస్తూ, "హజ్రత్, నలభై లక్షలు అని మీకు చెప్పినప్పుడు, అది ఎవరి డబ్బుతో అమ్ముతానని చెప్పానో నాకే తెలియదు" అన్నాడు. ఈ మాట మాకు ఇప్పటికీ గుర్తు.

హజ్రత్ ఉస్మాన్ (రజి) చూపిన వరుస

ఇమామ్ మాలిక్ తన ముఅత్తాలో మూడవ ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) ప్రకటనను నమోదు చేశారు. ఒక నెలను ఉద్దేశించి, ఇది మీ జకాత్ మాసం, బాకీ ఉన్నవారు ముందు బాకీ తీర్చుకోండి, అప్పుడు మీ ధనం ఎంతో తేలుతుంది, దాని నుండి జకాత్ చెల్లించండి అన్న భావంలో ఆయన ప్రజలకు చెప్పేవారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) స్వయంగా పెద్ద వ్యాపారి. ఆయన చెప్పిన వరుసలో వ్యాపారానికి వార్షిక ప్రణాళిక మొత్తం ఇమిడి ఉన్నదని మాకు అనిపిస్తుంది. ఏడాదిలో ఒక నెలను నిర్ణయించుకోవడం, ఇతరుల హక్కులు తీర్చడం, తనదేదో తేల్చుకోవడం, దానిలో అల్లాహ్ హక్కు చెల్లించడం. విస్తరణ, కొత్త కొట్టు, కొత్త సరుకు అన్నీ దాని తరువాత.

నేడు మనం ఈ వరుసను తలక్రిందులు చేసుకున్నాము. ముందు ఎంత అమ్మాలో నిర్ణయిస్తాము. దానికై అరువు తెస్తాము. అమ్మగా వచ్చిన డబ్బు గల్లాలో కనబడుతుంది కనుక అదంతా మనదే అనుకుని ఇంటికి ఖర్చు చేస్తాము. టోకు వ్యాపారి అడిగినప్పుడు, "ఇన్షా అల్లాహ్ శుక్రవారం ఇస్తాను" అంటాము.

ఈ చివరి మాట వద్ద ఒక్క క్షణం ఆగాలి. రేపు ఫలానా పని చేస్తానని చెప్పేటప్పుడు అల్లాహ్ తలిస్తే అన్న మాటను జోడించవలసిందిగా అల్ కహఫ్ అధ్యాయం (18:23–24) బోధిస్తున్నది. దృఢంగా సంకల్పించుకుని, సాధనాలు సమకూర్చుకుని, ఫలితాన్ని అల్లాహ్‌కు అప్పగించే విశ్వాసి నోటి మాట అది. ఇవ్వాలన్న ఆలోచన లేకుండానే ఎదుటివానిని పంపివేయడానికి దానిని వాడుకుంటే, పవిత్ర వచనాన్ని సాకుగా మార్చిన వారమవుతాము. మన వాగ్దానాలలో ఇన్షా అల్లాహ్ వినబడగానే ఎదుటి వ్యాపారికి నమ్మకం పెరగాలి. తగ్గుతున్నదంటే తప్పు మనది.

ప్రణాళిక వేసుకోవడం తవక్కుల్‌కు విరుద్ధమని కొందరు సోదరులు భావిస్తారు. ఒంటెను కట్టివేసి అల్లాహ్‌పై నమ్మకం ఉంచాలా, విడిచిపెట్టి నమ్మకం ఉంచాలా అని ఒక వ్యక్తి అడిగినప్పుడు, ముందు కట్టివేసి ఆపై నమ్మకం ఉంచమని దైవప్రవక్త (స) చెప్పిన ఉదంతం తిర్మిజీలో ఉన్నది. హజ్రత్ యూసుఫ్ (అలై) ఏడు సమృద్ధి సంవత్సరాల ధాన్యాన్ని వెన్నులలోనే భద్రపరచి, కరువు సంవత్సరాలకు సిద్ధం చేసిన వైనం ఆయన పేరిటే ఉన్న అధ్యాయంలో మనం పారాయణం చేస్తూనే ఉంటాము. దైవప్రవక్త (స) కూడా బనూ నజీర్ తోటల ఖర్జూరపు ఫలసాయం నుండి తమ కుటుంబానికి ఒక ఏడాదికి సరిపడే ఆహారాన్ని కేటాయించేవారని బుఖారీలో హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖనం ఉంది. ఏడాది కొలతతో ఆలోచించడం మన సంప్రదాయానికి కొత్త కాదు.

ఏ ఏడాది?

దుకాణదారులకు రెండు సంవత్సరాలు ఉంటాయి. ప్రభుత్వ లెక్కలకు ఏప్రిల్ నుండి మార్చి వరకు. జకాత్‌కు చాంద్రమాన హిజ్రీ సంవత్సరం. హిజ్రీ ఏడాదికి సుమారు 354 రోజులు, అంటే సూర్యమానం కన్నా దాదాపు 11 రోజులు తక్కువ. కేవలం ఇంగ్లీషు తేదీలనే పట్టుకుని జకాత్ తీసేవారు సుమారు 33 ఏళ్లలో ఒక పూర్తి సంవత్సరపు జకాత్‌ను బాకీ పడతారు.

వ్యాపార లక్ష్యానికి కూడా ఈ తేడా ముఖ్యమే. పండుగ గిరాకీపై ఆధారపడిన దుకాణాన్ని తీసుకోండి. మన దేశంలో 2024లో ఈదుల్ ఫిత్ర్ ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న వచ్చింది. రెండు ఈదులూ ఒకే ఆర్థిక సంవత్సరంలో పడ్డాయి. ఆ ఏడాది అమ్మకం చూసి వ్యాపారం ఎంతో పెరిగిందని మురిసిపోయిన బట్టల వ్యాపారి, మరుసటి ఏడు అంతకు మించి లక్ష్యం పెట్టుకుని సరుకు దింపుకుంటే ఏమవుతుందో ఊహించవచ్చు. పెరిగినది వ్యాపారం కాదు, ఆ లెక్కలో ఒక ఈదు ఎక్కువ పడింది. కనుక ప్రభుత్వానికి చూపవలసిన లెక్క దాని తేదీలలో అది ఉండగా, దుకాణం బాగోగులు చూసుకోవడానికి ఒక హిజ్రీ తేదీని నిర్ణయించుకోండి. ఒకరి జకాత్ తేదీ ముహర్రమ్‌లో రావచ్చు, మరొకరిది షాబాన్‌లో. ధనం మొదటిసారి నిసాబుకు చేరిన తేదీయే అసలు తేదీ. అది గుర్తు లేనివారు బాగా ఆలోచించి ఒక తేదీని స్థిరపరచుకుని, ఏటా దానినే పాటించాలి.

ఆ రోజున వ్రాయవలసినవి

ఒక నోటుపుస్తకం చాలు. ఐదు అంకెలు వ్రాయండి.

మొదటిది సరుకు. కొన్న ధర వేయకండి, ఆ రోజున బజారులో దానికి ఉన్న ధర వేయండి. మూడేళ్లుగా అరలో పడి ఉన్న పాత సరుకుకు దానికి నిజంగా వచ్చే ధరే వేయాలి. కొట్టు, బీరువా, త్రాసు, ఫ్రిజ్, కుట్టుమిషను వంటి పనిముట్లపై జకాత్ లేదు, కనుక అవి ఇందులో చేరవు.

రెండవది చేతిలోని నగదు, బ్యాంకులోని నిల్వ.

మూడవది రావలసిన బాకీలు. వీటిని రెండు వరుసలుగా వ్రాయండి. వసూలవుతాయన్న నమ్మకం ఉన్నవి ఒకవైపు, లేనివి మరొకవైపు.

నాల్గవది చెల్లించవలసిన అప్పులు. టోకు బాకీ, చేబదులు, కొట్టు అద్దె, పనివాని జీతం అన్నీ.

ఐదవది మీ వద్ద ఉన్న ఇతరుల సొమ్ము. అక్కచెల్లెళ్ల వారసత్వ భాగం, తల్లి ఉంచిన డబ్బు, భార్య మహర్ ఇంకా చెల్లించకపోతే అది, ఆమె నగ అమ్మి దుకాణంలో పెట్టినది ఉంటే అది, భాగస్వామి వాటా. చాలా పుస్తకాలలో ఈ ఐదవ వరుస ఉండదు. పైన చెప్పిన దుకాణంలో అది తేలినది ఒక ఆడకూతురు నోటి నుండి. కనుక ఈ లెక్కకు భర్త ఒక్కడే కూర్చోవద్దని మా సలహా. భార్య, వీలైతే తల్లి కూడా దగ్గర ఉండాలి. ఇంట్లో కుట్టుపని, పచ్చళ్లు, మెహందీ పని చేసుకునే సోదరీమణులు తమ చిన్న వ్యాపారానికి వేరుగా పుస్తకం పెట్టుకోవాలి. ఆ సంపాదన వారిది, భర్త గల్లాలో కలిసిపోవలసినది కాదు.

మొదటి మూడు కూడి, చివరి రెండు తీసివేయగా మిగిలినదే మీది. మన ప్రాంతంలో అధికులు అనుసరించే హనఫీ విధానంలో అది ఆ రోజున 612.36 గ్రాముల వెండి విలువకు చేరితే, దానిలో నలభైయవ వంతు జకాత్. చిక్కు ప్రశ్నలు ఉన్నవారు తమ పుస్తకంతో సహా దగ్గరి ముఫ్తీగారిని కలవాలి. పుస్తకం లేకుండా వెళితే ఆయన మాత్రం ఏమి చెప్పగలరు?

వ్రాసి ఉంచుకోవడం అవిశ్వాసానికి గుర్తు అని, అన్నదమ్ముల మధ్య కాగితాలెందుకని అనేవారున్నారు. దివ్య ఖుర్ఆన్‌లో అన్నింటికన్నా దీర్ఘమైన వాక్యం (2:282) అప్పును వ్రాసుకోవడం గురించినదే. చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా వ్రాయడానికి విసుగు చెందవద్దని అది ఆదేశిస్తున్నది. ఎవరి మనసు నొచ్చుకోకుండా ఉండాలన్నా వ్రాతే మేలు.

అమ్మకం మన చేతిలో లేదు, బాకీ మన చేతిలో ఉన్నది

ఇప్పుడు లక్ష్యాలకు వద్దాము. మిగిలినదెంతో తెలిసిన తరువాత మా శిష్యుడు, "మరి వచ్చే ఏటికి ఏమి అనుకోమంటారు?" అని అడిగాడు. మేము వ్యాపారులము కాము, మదరసాలో పాఠాలు చెప్పుకునే వాళ్లము. మాకు తెలిసినది ఒక్కటే చెప్పాము. ప్రాణికోటి ఉపాధి బాధ్యత అల్లాహ్‌ది (11:6). ఎంతమంది కొనుగోలుదారులు నీ మెట్లెక్కుతారో నీ చేతిలో లేదు. కొట్టు ఎన్ని గంటలకు తెరవాలి, ఏ సరుకు ఎంత అరువుకు తేవాలి, ఎవరికి ఎంత వరకు అరువివ్వాలి, ఇంటికి నెలకు ఎంత తీసుకోవాలి, ఎవరి హక్కు ఎప్పటికి తీర్చాలి, ఇవి నీ చేతిలో ఉన్నాయి. నీ చేతిలో ఉన్నదానిని లక్ష్యంగా పెట్టుకో. నీ చేతిలో లేనిదానిని దుఆలో పెట్టుకో.

అతనూ, ఇల్లాలూ కలిసి నాలుగే వ్రాసుకున్నారు. అక్క సొమ్ములో సగం, అంటే 70,000, ఈ ఏడాదిలో చెల్లించాలి. రమజాను గిరాకీ ముగియగానే 30,000, తరువాత ఎనిమిది నెలలు నెలకు 5,000 చొప్పున. టోకు బాకీని 5,10,000 నుండి 3,00,000కు దించాలి. ఇంటి ఖర్చుకు నెల మొదట నిర్ణయించిన మొత్తం తప్ప గల్లాలో చేయి పెట్టరాదు. పాత బాకీ తీరనిదే ఎవరికీ కొత్త అరువు ఇవ్వరాదు.

మొదటిదానికి అక్క సమ్మతి కావాలి. చెల్లింపు ఆలస్యం చేసుకునే అధికారం తమ్మునికి లేదు, గడువు ఇవ్వడం హక్కుదారు ఇష్టం. కనుక ఫోనులో చెప్పవద్దని, తల్లిని వెంటబెట్టుకుని స్వయంగా వెళ్లి అంకె చెప్పమని పంపాము. అతను వెళ్లాడు. పుస్తకం చూపి, "ఆపా, ఇది నీది. నాన్న పోయిననాటి నుండి నా దగ్గరే ఉండిపోయింది. రెండేళ్లలో తీరుస్తాను, నీకు సమ్మతమేనా?" అని అడిగాడట. ఆమె చాలాసేపు మాట్లాడలేదట. తరువాత, "అడిగితే పుట్టింటి తలుపు మూసుకుపోతుందేమోనని భయపడి అడగలేదురా" అన్నదట.

సోదరులారా, ఈ మాటను మన ఇళ్లలోని ఎందరు ఆడపడుచులు మనసులో దాచుకుని బ్రతుకుతున్నారో అల్లాహ్‌కే తెలుసు. ఆమె ఊరుకున్నంత మాత్రాన క్షమించినట్లు కాదు. పండుగకు చీర పెట్టి పంపినంత మాత్రాన అది వారసత్వపు భాగం కాదు. తొమ్మిదేళ్ల వ్యాపార లాభంలో ఆమెకేమైనా చెందుతుందా అన్న ప్రశ్నను కూడా అతను తరువాత ముఫ్తీగారి ముందుంచి, వారు చెప్పినట్లు పరిష్కరించుకున్నాడు.

బాకీదారుల విషయంలోనూ ఒక మాట. ఇవ్వగలిగి ఉండీ వాయిదా వేయడాన్ని దైవప్రవక్త (స) అన్యాయమన్నారు. అటువంటివారిని గట్టిగా అడగడంలో తప్పు లేదు. నిజంగా ఇబ్బందిలో ఉన్నవానికి మాత్రం గడువివ్వమని, వదిలివేస్తే మరింత మేలని ఖుర్ఆన్ (2:280) బోధిస్తున్నది. మా శిష్యుడు ఆ 85,000 జాబితాను చదివి, కొందరి పేర్లు కొట్టివేశాడు. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. రాని బాకీని కొట్టివేసి, అదే నా జకాత్ అనుకుంటారు. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం దానితో ఇతర ధనపు జకాత్ తీరదు. అతను అర్హుడైతే జకాత్ సొమ్మును అతని చేతికివ్వాలి. ఆపై అతను దానితో తన బాకీ తీర్చుకుంటే అది వేరు సంగతి.

తోపుడు బండ్లవారికి, చిరు వ్యాపారులకు మరొక లక్ష్యం సూచిస్తాము. ముందుగానే కొంత కోసుకుని మిగిలినది చేతిలో పెట్టి, ప్రతి సాయంత్రం వచ్చి వసూలు చేసుకునే రోజువారీ ఫైనాన్సు మన బజారులలో ఎంతోమందిని పట్టి పీడిస్తున్నది. అందులో ఉన్నది స్పష్టమైన వడ్డీ. ఏడాదికి వేరే లక్ష్యమేదీ పెట్టుకోకపోయినా, ఈ ఏడాది చివరికి ఆ వసూలుదారు మన బండి వద్ద ఆగకుండా ఉండాలన్న ఒక్క లక్ష్యం చాలు. బంధువులలో, జమాఅతులో స్థోమత ఉన్నవారు అటువంటివానికి ఖర్జె హసన ఇచ్చి విడిపించడం గొప్ప పుణ్యకార్యం.

ఏడాది తిరిగింది

మరుసటి షాబాన్‌లో అతను మళ్లీ వచ్చాడు. ఈసారి చేతిలో పుస్తకం ఉంది. అమ్మకం 27 లక్షలకు తగ్గింది. అరువు సరుకు తగ్గించాడు కనుక అరలు కొంత బోసిగా కనిపించేవి, కొందరు గిరాకీదారులు పక్క దుకాణానికి మళ్లారు. టోకు బాకీ 3,00,000కు దిగుతుందనుకుంటే 3,60,000 దగ్గర ఆగింది. మధ్యలో తల్లికి ఆపరేషను ఖర్చు వచ్చింది. ఇంటి ఖర్చు విషయంలో రెండు నెలలు మాట తప్పానని తానే ఒప్పుకున్నాడు. అక్కకు చెల్లించవలసిన 70,000 మాత్రం ఒక్క వాయిదా తప్పకుండా చెల్లించాడు.

"లక్ష్యం పూర్తిగా నెరవేరలేదు హజ్రత్" అన్నాడు. మేము, "నిరుడు నీది ఎంతో నీకు తెలియదు. ఈ ఏడు తెలుసు. నిరుడు చనిపోయి ఉంటే ఆ అప్పు ఎవరు చెప్పేవారు?" అన్నాము. అప్పు మిగిల్చి మరణించిన ఒక సహాబీ జనాజాకు నమాజు చేయించడానికి దైవప్రవక్త (స) ఆగిపోయారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ అప్పును తన మీద వేసుకున్న తరువాతే చేయించారు. వ్యాపారి అయిన ప్రతి ముస్లిమ్ ఈ హదీసును గల్లా పెట్టె ఎదుట తలచుకోవాలి. రెండవ ఏడాది అక్క సొమ్ము పూర్తిగా తీరింది. ఆ డబ్బుతో ఆమె కరెంటు మోటారు మిషను కొనుక్కుని, ఇంటి ముందు గదిలోనే కుట్టుపని పెంచుకున్నది. పండుగకు తమ్ముని ఇంటికి రావడం మునుపూ ఉన్నదే. ఇప్పుడు వచ్చినప్పుడు దుకాణంలోకి కూడా వచ్చి కూర్చుంటున్నదని అతని ఇల్లాలు మా ఇంటివారితో చెప్పింది.

పెద్ద వ్యాపారం కోరుకోవడం దోషం కాదు. మదీనాకు వలస వచ్చిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు అన్సారీ సోదరుడు హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన ఆశీర్వదించి, బజారుకు దారి చూపమన్నారు. ఆ రోజు పనీరు, నెయ్యి లాభంగా తెచ్చుకున్న ఆయనే తరువాత మదీనా సంపన్నులలో ఒకరయ్యారు. కూఫాలో బట్టల వ్యాపారం చేసిన ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) బాగ్దాదుకు సరుకు పంపి, ఏడాది పొడుగునా వచ్చిన లాభాన్ని కూడబెట్టి పండితుల అవసరాలకు వెచ్చించేవారని చరిత్రకారులు వ్రాశారు. లాభం దేనికి అన్నది ఆయన ముందే నిర్ణయించుకునేవారు. మన లక్ష్యాల జాబితాలోనూ అటువంటి ఒక వరుస ఉండాలి: లాభం వస్తే ఒక అనాథ చదువుకు, ఒక పేద బంధువు వైద్యానికి ఇంత అని.

ఈ నెల సంచిక మీ చేతికి అందేసరికి రమజాను సరుకు ఇంకా దింపుకొని ఉండరు. దింపుకోకముందే ఒక రాత్రి ఇషా తరువాత కొట్టు తలుపు సగం వేసి, ఇంటివారిని పిలిచి, పుస్తకం తెరవండి. ఐదవ వరుసతో మొదలుపెట్టండి.

అల్లాహ్ మన సంపాదనలను ధర్మసమ్మతం చేయుగాక. మన మీద ఉన్న హక్కులన్నీ మన జీవితకాలంలోనే తీర్చే భాగ్యాన్ని, కొద్దిదానిలో కూడా బర్కత్‌ను ప్రసాదించుగాక. ఆమీన్.